పరిగె లేని కోతపండుగ



వానకాలపు పంట ఇల్లు చేరగానే మన సంఘములలో కోతపండుగ మాటలు మొదలగును. కొన్ని చోట్ల నవంబరులో, కొన్ని చోట్ల క్రిస్మసు తరువాత, మరి కొన్ని చోట్ల సంక్రాంతి దాటిన పిమ్మట ఒక ఆదివారమును ఏర్పరచి గుడికి వరికంకుల తోరణములు కట్టుదురు. బియ్యపు మూటలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు బల్ల ముందు పేర్చుదురు. ఆరాధన ముగియగానే చెట్టు క్రింద వేలము పాట. దీనికి కృతజ్ఞతార్పణ పండుగ అని పేరు. ఆ పేరుతో నాకు తగవు లేదు. ఆ కృతజ్ఞత ఎవరిది, దానిలో ఎవరెవరికి పాలున్నది అను విషయములోనే తగవున్నది. దానిని మీ ముందు పెట్టుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. కొందరికి కోపము వచ్చును. వచ్చినను చివరివరకు చదువుడని నా మనవి.

ఒక అయిదెకరముల వరిపొలమును మనస్సులో పెట్టుకొనుడు. పట్టా ఒకరి పేర నున్నది. ఆయన పట్నములో కాపురముండును. దున్ని పండించినవాడు కౌలుదారుడు. నారు పీకి నాట్లు వేసినవారు, వంగి కలుపు తీసినవారు మన పేట స్త్రీలు. కోసినది యంత్రము. బస్తాలెత్తినవారు హమాలీలు. ఇప్పుడు ఈ పంట నిమిత్తము దేవునికి స్తోత్రము చెల్లించుడని కాపరి ప్రకటించిన యెడల, వీరిలో ఎవరు ఏమని చెల్లింతురు? పట్టాదారుడు కౌలు ముట్టినందుకు చెల్లించును. కౌలుదారుడు కౌలు తీరినదని నిట్టూర్చి, వడ్డీ ఇంకను మిగిలియున్నదని తలవంచుకొని చెల్లించును. నాట్లు వేసిన స్త్రీ మాటయేమి? ఆమె కూలి నాట్లతోను కలుపుతోను ముగిసిపోయెను. పూర్వము కోతకాలమనగా చేతినిండ పని, చాటనిండ గింజలు. నేడు కోతకాలమనగా యంత్రము దిగిన దినము, ఆమె ఇంట కూర్చుండు దినము. ఆమెను పిలిచి, కోత వచ్చినది గనుక సంతోషించుమని చెప్పుచున్నాము!

ఒకే పండుగ ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా కనబడుట వింత కాదు. అయితే మనము ఒకని కన్నులతోనే దానిని చూచుచు, అందరి పండుగ అని చెప్పుకొనుట న్యాయము కాదు.

కొందరు పెద్దలు, "ఈ పండుగ బైబిలులో లేదు, దొరలు తెచ్చిన ఆచారము, దానికి ఇంత చర్చ ఎందుకు?" అందురు. వారి మాటలో కొంత నిజమున్నది. ఇప్పుడు మనము చేయు రీతిలో గుడిని పంటతో అలంకరించు ఆరాధనను 1843లో ఇంగ్లండు దేశపు కార్న్‌వాల్ సీమలో, మార్వెన్‌స్టో అను పల్లెలో, రాబర్టు స్టీఫెన్ హాకర్ అను గురువు జరిపెను. అక్కడనుండి అది వ్యాపించి మిషనరీలతో ఓడలెక్కి మన పల్లెలకు వచ్చెను. కాని పంటను దేవుని యెదుటికి తెచ్చుట హాకరుగారు కల్పించినది కాదు గదా. మోషే ధర్మశాస్త్రమును తెరచి చూడుడు. అలంకరణల మాట అక్కడ కనబడదు. ఎవరిని పిలువవలెనో ఆ పట్టిక కనబడును. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయములో వారముల పండుగను గూర్చి చెప్పుచు, నీవు సంతోషింపవలెను అని మాత్రము చెప్పి మోషే ఊరకుండలేదు. కొడుకును కూతురును, దాసుని దాసిని, లేవీయుని, పరదేశిని, తండ్రిలేనివానిని, విధవరాలిని ఒక్కొక్కరిని ఎంచి, వీరందరితో కూడ సంతోషింపవలెనని శాసించెను. ఆ పట్టికలో నేనును ఉన్నాను, లేవీయుని చోటు నాదే గనుక. నాకు రావలసిన బియ్యపు మూట ఏ సంఘములోను ఎన్నడును తప్పలేదు. నా తరువాత పేరు గల పరదేశికే తప్పుచున్నది.

ఇంకొక చోటు చూపించెదను. లేవీయకాండము 23వ అధ్యాయము పండుగల అధ్యాయము. పస్కా, ప్రథమ ఫలముల పన, పెంతెకొస్తు అని వరుసగా చెప్పుచు పోవును. పిమ్మట బూరలు, ప్రాయశ్చిత్త దినము, పర్ణశాలలు. ఈ వరుస మధ్యలో, కోతపండుగ విధి ముగియగానే 22వ వచనములో, పండుగకు సంబంధము లేనట్టు కనబడు ఒక ఆజ్ఞ వచ్చి కూర్చున్నది: పొలపు అంచులను పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగెను ఏరుకొనవద్దు, బీదలకును పరదేశులకును విడిచిపెట్టుము. ఇదే ఆజ్ఞ 19వ అధ్యాయములో ముందే ఉన్నది. మరల ఇక్కడ ఎందుకు? బలులు ఎన్ని, రొట్టెలు ఎన్ని, గొఱ్ఱెపిల్లలు ఎన్ని అని లెక్క చెప్పిన దేవుడు, ఆ లెక్కతోనే పండుగ పూర్తియైనదని మనము అనుకొందుమేమో అని దీనిని అక్కడ పెట్టెనని నేను నమ్ముచున్నాను. పొలములో పరిగె విడువనివాడు గుడిలో పన అల్లాడించినంత మాత్రమున పండుగ చేసినవాడు కాడు.

యూదులు నేటికిని ఆ వారముల పండుగనాడు రూతు గ్రంథమును చదువుదురు. మోయాబునుండి వచ్చిన పరాయి స్త్రీ, విధవరాలు, యవల పొలములో పరిగె ఏరిన కథ వారి కోతపండుగ పాఠము. మన కోతపండుగ ప్రసంగములలో రూతు ఎన్ని మారులు వినబడెనో మీరే జ్ఞాపకము చేసికొనుడు. మనము ఎక్కువగా వినునది మలాకీ మూడవ అధ్యాయము, దశమభాగము. దశమభాగము సత్యమే. కాని ఆ అధ్యాయములోనే అయిదవ వచనమున్నది; కూలివానిని, విధవరాలిని, తండ్రిలేనివారిని, పరదేశిని బాధించువారిమీద దేవుడు సాక్షిగా వచ్చునని అందులో చెప్పబడినది. అయిదవ వచనమును దాటి పదవ వచనమునకు దుముకు ప్రసంగీకులను నేను అనేకులను ఎరుగుదును.

పరిగె అనిన నేటి పిల్లలకు తెలియదు. నా తల్లి పరిగె ఏరినది. కోతవారు పనలు కట్టి ముందునకు పోవుచుండగా, వెనుక పిల్లలును ముసలమ్మలును గంపలతో వంగి రాలిన కంకులను ఏరెడివారు. ఎలుక కలుగులను త్రవ్వి అందులోని కంకులను సయితము తీసెడివారు. దయగల ఆసామి అయిన చూచియు చూడనట్టుండెను. లోభి అయిన అదిలించెను. ఏరినది ఇంటికి తెచ్చి, కాళ్లతో నలిపి, చెరిగి, కుండలో పోసిన గింజలతో మాకు పలకయు బలపమును వచ్చెను. అది భిక్షము కాదని మీరు గమనింపవలెను. ఆమె ఎవరి గుమ్మమునను నిలువలేదు. తన నడుము వంచి, తన చేతులతో తెచ్చుకొనెను. మోషే ధర్మశాస్త్రము బీదవానికిచ్చిన హక్కు ఇటువంటిది: యజమానుడు దానము చేసినట్టు చెప్పుకొనుటకు వీలులేని హక్కు.

నేడు వరికోత యంత్రము పొలములో తిరిగిన తరువాత ఏమి మిగులును? చెదరిన గడ్డి మిగులును. దానికిని అనేక చోట్ల నిప్పు పెట్టుచున్నారు. యంత్రము చెడ్డదని నేననను. మబ్బు పట్టినప్పుడు గంట సేపటిలో ఎకరము కోసి ధాన్యము చేతికిచ్చు సాధనమును రైతు ఎట్లు వదలును? కూలివారు దొరకుట లేదని ఆయన చెప్పు మాటయు అబద్ధము కాదు. నేను రైతుమీద రాయి వేయుటకు వ్రాయుట లేదు. ఆయన ధాన్యము ఆరబోసి, తేమ పదునేడు శాతమునకు దిగువరకు కొనుగోలు కేంద్రము వద్ద రాత్రింబగళ్లు కాపలా పండుకొనును. తూకములో తరుగని కొంత, గోనె అని కొంత పోవును. కౌలుదారుడైతే మరియు దీనుడు. 2018లో తెలంగాణలో రైతుబంధు పథకము వచ్చినప్పుడు సొమ్ము పట్టాదారుని ఖాతాలో పడెను, దున్నినవానికి రాలేదు. ఆంధ్రప్రదేశములో కౌలుదారులకు కార్డులిచ్చుటకు 2011లో ఒక చట్టము, 2019లో ఇంకొక చట్టము చేసిరి. అయితే యజమానుడు సంతకము పెట్టుటకు వెనుదీయు చోట కార్డు ఎట్లు వచ్చును? ఇవన్నియు నేనెరుగుదును. కాని రైతునకు జరిగిన అన్యాయము, రైతు తన క్రిందివానికి చేయవలసిన న్యాయమును కొట్టివేయదు. యంత్రము పనిని తీసికొనిపోయెను. దానితో పాటు పరిగెను కూడ తీసికొనిపోయెను. పని పోయినదని అందరికిని తెలియును. పరిగె పోయిన సంగతి ఎవరికిని పట్టలేదు. దేవుని ఆజ్ఞ ఒకటి మన పొలములలోనుండి చప్పుడు లేకుండ మాయమైనది. మనము ఆ పొలపు కంకులతోనే గుడికి తోరణము కట్టుచున్నాము.

ఇక వేలము పాట సంగతి. దీని పుట్టుక మంచిదే. మన పితరులు కాసులెరుగరు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో ఒంగోలు ప్రాంతమున క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్న మాదిగలకు పని కల్పించి కూలి ముట్టజెప్పెను. ఆ తరువాత 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కోత లేని యేండ్లలో, కూలి సరిగా ముట్టిన చోట, ఆ సంఘము పెరిగెనని మరువవద్దు. దోర్నకల్ ప్రాంతములో, 1912లో బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు, కటిక పేదవారు సయితము దేవునికి ఇయ్యవలెను, ఇయ్యగలరు అని పల్లెపల్లెకు తిరిగి నేర్పెను. అప్పటివారికి భూమి లేదు. స్త్రీలు వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి కుండలో దాచిరి. పండుగనాడు గ్రుడ్లు, చీపుళ్లు, చాటలు, గంపలు, చింతపండు తెచ్చిరి. కోడిని కానుకపెట్టెలో వేయలేము గనుక, గ్రుడ్లు నిలువయుండవు గనుక, అప్పటికప్పుడు పాట పెట్టి, కావలసినవారు కొనుక్కొనగా వచ్చిన అణాలతో పల్లె ఉపదేశకునికి జీతమిచ్చిరి. అది పేదల పండుగ. పేదలు ఇచ్చిరి, పేదలు కొనిరి.

నేడు ఎట్లున్నది? కొంతకాలము క్రిందట ఒక సంఘమునకు పండుగ ప్రసంగమునకు పిలువబడి వెళ్లితిని. ఊరి పేరు చెప్పను. మీ ఊరనియే అనుకొనుడు. బల్లమీద ఆపిలుపండ్లు గోపురమువలె పేర్చియుండెను. ఏ మడిలో పండినవని అడిగితిని, అందరు నవ్విరి. పట్నపు బేకరీనుండి వచ్చిన కేకు ఒకటి. ఆరాధన ముగిసినది, పాట మొదలైనది. ఒక కొబ్బరికాయకు ఇద్దరు పెద్దలు పట్టుపట్టిరి. అయిదువందలు, వెయ్యి, మూడువేలు. మైకులో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, ఉద్యోగము మ్రోగుచుండెను. జనము ఈలలు వేసిరి. అయిదువేలవద్ద పాట ఆగెను. అదే బల్లమీద మూలగా ఒక పాత సీసాలో కందిపప్పు ఉండెను. ఎవరో ముసలమ్మ తెచ్చినది. పాట పెట్టువాడు దానిని ఎత్తి చూచి, "ఇదేందిరా, వంద కూడా రాదు, పక్కన పెట్టండి" అనెను. పక్కన పెట్టిరి. ఆమె వెనుక వరుసలోనే కూర్చుండియుండెను. ఆ రెండు కాసుల విధవరాలి కథమీద నేను అంతకు గంట ముందే ప్రసంగించితిని.

చదువరులారా, ఆ అయిదువేలు చెడ్డ సొమ్ము కాదు. గుడి రేకులకు, డయాసిసునకు కట్టవలసిన వంతుకు, నా వంటి వారి జీతమునకు అది కావలెను. "పాట తీసేస్తే సంఘం ఎట్లా నడుస్తదయ్యగారూ?" అని కోశాధికారి నన్ను అడుగును. నడుచుటకు డబ్బు అడుగుడు, తప్పులేదు. చందా అనుడు, కానుక అనుడు, కవరు ఇయ్యుడు. దానికి కోతపండుగ అని పేరు పెట్టి, కోసినవారిని ప్రేక్షకులుగా కూర్చుండబెట్టుట తప్పు. చేతిలో వందరూపాయలు లేనివాడు ఆ చెట్టు క్రింద ఏమి చేయును? చప్పట్లు కొట్టును. అతని కృతజ్ఞతకు ఆ చప్పట్లు తప్ప వేరు చోటు మనము ఉంచలేదు.

బోయజు పొలమునొద్ద ఏమి చేసెనో చూడుడు. భోజనవేళ రూతును కోతవారి ప్రక్కను కూర్చుండబెట్టి పేలాలు అందించెను. ఆమె తృప్తిగా తిని కొన్ని మిగిల్చెను. తరువాత పనివారితో, పనలలోనుండి కొన్ని కావలెననియే లాగి పడవేయుడని చెప్పెను. ఆమెతో ఆ మాట చెప్పలేదు. ఇచ్చినట్టు ఆమెకు తెలియకుండనే ఇచ్చెను. మన మైకు ఈ పనికి ఎంత దూరము!

మన బిడ్డలు అనేకులు ఇప్పుడు అమెరికాలో నున్నారు. నవంబరు నెల నాలుగవ గురువారమున అక్కడ కృతజ్ఞతా దినము. వారు బల్లల ఫోటోలు పంపుచున్నారు, మనము చూచి ఆనందించుచున్నాము. ఆ పండుగకును రెండు ముఖములున్నవి. 1621లో ప్లిమత్ అను చోట, ఇంగ్లండునుండి వలస వచ్చినవారు తమ మొదటి పంట చేతికి రాగా మూడు దినములు విందు చేసికొనిరి. ఆ దేశపు మూలవాసులగు వాంపనోగు జనులు తొంబది మంది తమ నాయకుడగు మాససోయిటుతో వచ్చి, అయిదు దుప్పులను తెచ్చి, వారితో కూడ భుజించిరి. మొక్కజొన్న నాటు విధమును ఆ వలసవారికి నేర్పినవాడు ఒక మూలవాసియే. అటుపిమ్మట ఏమాయెను? భూములు చేతులు మారెను. 1675లో యుద్ధము వచ్చెను. ఆ విందున కూర్చుండిన మాససోయిటు కుమారుడే 1676లో చంపబడెను. 1970లో, వలసవారు దిగి 350 యేండ్లయిన సందర్భమున, వాంపనోగు జాతివాడగు ఫ్రాంకు జేమ్సు అను ఆయనను మాటలాడుటకు పిలిచి, ఆయన వ్రాసికొనిన ప్రసంగమును ముందుగా చూచి, అట్లు మాటలాడనియ్యమనిరి. ఆ యేటినుండి ప్రతి సంవత్సరము అదే గురువారమున ప్లిమతులో ఒక గుట్టమీద కూడుకొని మూలవాసులు దుఃఖదినము పాటించుచున్నారు. ఒక ఇంట స్తోత్రము, పొరుగింట అంగలార్పు. మీ బిడ్డలను ఆ బల్లయొద్దనుండి లేపుమని నేను చెప్పుట లేదు. ప్రార్థన చేయునప్పుడు ఆ గుట్టమీద నిలిచినవారిని కూడ తలచుకొనుమని వారికి ఒక ఉత్తరము వ్రాయుడు. అక్కడివారిమీద తీర్పు తీర్చుట మనకు సుళువు. మన ఊరిలో ఆ గుట్ట ఏదని వెదకుట కష్టము.

ఖమ్మము జిల్లాలోను, దాని చుట్టుప్రక్కలను మిర్చి తోటలున్న ఊళ్లవారు నేను చెప్పబోవు దానిని వెంటనే గ్రహింతురు. కాయ ఎరుపెక్కగానే ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములు దిగును. తోటల ప్రక్కను గుడ్డల గుడారములు వేసికొని, చంటిబిడ్డలను చెట్టుకు ఉయ్యాల కట్టి, ఘాటుకు తుమ్ముచు కాయ కోయుదురు. మన భాష వారికి రాదు. మన రేషను దుకాణములో వారి పేరు కనబడదు. మోషే పట్టికలోని పరదేశి వీరే. వెదకుటకు దూరము పోనక్కరలేదు. వీరు కోసిన మిర్చిని గంపలో పోసి మనము గుడిలో బల్లమీద పెట్టుదుము. ఎన్ని సంఘములు వీరిని కోతపండుగ బంతికి పిలిచెను? "వాళ్లు మనవాళ్లు కాదు గదయ్యా, మన విశ్వాసులు కాదు గదా" అని ఒక పెద్ద నాతో అనెను. రూతు ఆ నాటికి ఎవరి మనిషి?

మరియొక వాదము కలదు. "ఇప్పుడు ఎవరు పస్తున్నారండీ? ప్రభుత్వం బియ్యం ఇస్తోంది." నిజమే. 2013 ఆహార భద్రతా చట్టము ప్రకారము మనిషికి నెలకు 5 కిలోలు. 2023 జనవరినుండి అది ఉచితము. తెలంగాణలో 2025 ఉగాదినుండి సన్నబియ్యమే ఇచ్చుచున్నారు. దేవునికి స్తోత్రము. అయితే ఆ బియ్యము ప్రభుత్వము ఇచ్చినది, మీరు ఇచ్చినది కాదు. లేవీయకాండపు ఆజ్ఞ రాజునకు ఇయ్యబడలేదు. నీ పొలము, నీ అంచు, నీ పరిగె అని పొలము గలవానికే ఇయ్యబడెను. అదియు గాక, కూలి విషయము రేషనుతో తీరునా? అస్తమించకముందే కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము. కోతవారికి బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము. ఒకే చేనిలో ఒకే ఎండలో వంగినను స్త్రీకి పురుషునికంటె తక్కువ ఇచ్చుట మన ఊళ్లలో రివాజు. పండుగ పట్టీలో పెద్ద కానుక వ్రాయించి, కూలివారితో వచ్చే వారము రమ్మని చెప్పినవారు మన సంఘములలో లేరా? ఆ కానుకను నేను బల్లమీద పెట్టి ఏమని ప్రార్థింపవలెనో నాకు తెలియదు.

ఇటీవల ఇంకొక బోధ బయలుదేరినది. పండుగకు వెయ్యి ఇయ్యుము, వచ్చు పంటలో పదివేలు వచ్చును అని. ఈ బోధకులను 1977 నవంబరు 19వ తేదీ తరువాత దివిసీమకు తీసికొనిపోయి నిలువబెట్టవలసినది. కోతకు వచ్చిన వరి, పశువులు, వేలాది మనుష్యులు ఒక్క రాత్రి ఉప్పెనలో పోయిరి. వారు తక్కువ కానుక ఇచ్చిరని చెప్పుదురా? 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినప్పుడు, కోసిన పనలు నీటిలో నాని కంకిమీదనే మొలకలు వచ్చెను. అటువంటి యేట కోతపండుగ చేయవచ్చునా అని అడుగువారున్నారు. చేయవచ్చును. హబక్కూకు ప్రవక్త పంట లేని పొలమును, మంద లేని దొడ్డిని చూచియే ఆనందించెను. అయితే ఆ యేట వేలము పెట్టకుడు. మొలకెత్తిన పననే తెచ్చి బల్లమీద పెట్టి, ఏడ్చి, తిని త్రాగుటకు ఉన్నదానిని పంచుకొనుడు. అట్టి ఆరాధనలో కృతజ్ఞత ఉన్నదా లేదా అను ప్రశ్న ఎవరికిని కలుగదు.

విమర్శించుట సులభము, ఏమి చేయవలెనో చెప్పుమందురు. చెప్పెదను. పొలపు అంచునకు హెబ్రీ భాషలో పేయా అని పేరు. యూదుల మిష్నా గ్రంథములో ఆ పేరుతోనే ఒక భాగమున్నది. అంచు ఎంత విడువవలెనని వారి పండితులు తర్కించి, అరువదింట ఒక వంతుకు తగ్గకూడదని, పొలము పెద్దదైన కొలది, బీదలు ఎక్కువైన కొలది పెంచవలెనని నిర్ణయించిరి. మన లెక్క వేయుదము. ఎకరమునకు ముప్పది బస్తాలు పండినవనుకొనుడు. అరువదింట ఒక వంతు అర బస్తా. 75 కిలోల బస్తా గనుక 37 కిలోల అర. 2025-26లో సాధారణ రకము ధాన్యమునకు క్వింటాలు మద్దతు ధర 2,369 రూపాయలు. ఆ లెక్కన అర బస్తా విలువ సుమారు 888 రూపాయలు. అయిదెకరముల ఆసామికి రెండున్నర బస్తాలు, నాలుగువేల నాలుగువందల చిల్లర. చెట్టు క్రింద కొబ్బరికాయకు పెట్టిన దానికంటె తక్కువ!

దీనిని గుడికి తేవద్దు. గుడికి తెచ్చిన యెడల పేరు చదువవలసి వచ్చును. యంత్రము ధాన్యము పోసిన చోటనే, లారీకెత్తకముందే, కొలిచి ప్రక్కన ఉంచవలెను. ఆ చేనిలో నాటు వేసినవారు, కలుపు తీసినవారు, ఊరిలోని విధవరాండ్రు తమ సంచులతో తామే వచ్చి కొలుచుకొని పోవలెను. క్రైస్తవులా కారా అని అడుగరాదు. పట్టాదారుడు పట్నమునందున్న యెడల కౌలుదారునిమీద ఈ భారము వేయక, ఆ అర బస్తాను కౌలులో తగ్గించుకొనుమని ఆయనకు సంఘపెద్దలు వ్రాయవలెను. ఆయన మన సంఘస్థుడే అయిన యెడల, ఊరిలో పండుగకు పంపు కానుకకంటె ముందు ఇది చేయవలెనని నేనే స్వయముగా చెప్పుదును. వేలము ఉండదలచిన ఉండనియ్యుడు. కాని మైకు తీసివేయుడు, పేర్లు తీసివేయుడు, బజారు ఆపిలుపండ్లు తీసివేయుడు. ముసలమ్మ కందిపప్పు సీసాను ప్రక్కన పెట్టక, ఆ దినపు ప్రేమవిందులో వండుడు.

కడపటి మాట పండుగ తేదీని గూర్చి. మనము ధాన్యపు సొమ్ము ఖాతాలో పడువరకు, అధ్యక్షులవారికి తీరిక దొరకువరకు, పట్నపు బంధువులకు సెలవు కుదురువరకు ఆగి తేదీ పెట్టుచున్నాము. మిర్చి కోతవారు అంతవరకు ఉండరు. ఆఖరి కోత కాగానే మూటలు కట్టుకొని లారీలెక్కుదురు. మా పాస్టరేటులో ఈ యేడు సంఘపెద్దల కూటమునకు నేనొక మనవి వ్రాసి పెట్టితిని: కోతవారు వెళ్లు దినము ముందుగా కనుగొని, దానికి ముందు ఆదివారమున పండుగ చేయవలెనని. ఆ గుడారములకు వెళ్లి పిలుచుటకు వారి భాష కొంచెము తెలిసిన చర్లవైపు యువకుడు ఒకడు మనకున్నాడు. బంతిలో కూర్చుండుటకు ఎన్ని విస్తళ్లు అదనముగా కావలెనో అతడు లెక్క తెచ్చును. పెద్దల కూటము వచ్చు శనివారము.